కిట్జ్‌బ్యూల్‌లో ష్ట్రైఫ్ రేసు: నాన్నతో కలిసి చూసొచ్చాక

"మంచు మీద జారే పోటీ చూడ్డానికి ఆ చలిలో అంత దూరం పోవాలా, టీవీలో చూస్తే పోలా?" అని మ్యూనిక్‌లో నన్ను అడిగిన తెలుగువాళ్ళు పదిమందైనా ఉంటారు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను. ఆస్ట్రియాలో కిట్జ్‌బ్యూల్ అనే ఊళ్ళో 2025 జనవరి 25, శనివారం నాడు జరిగిన మగవాళ్ళ డౌన్‌హిల్ రేసుకి, అంటే స్కీలు కట్టుకుని కొండ మీంచి ఒక్కొక్కరే దిగే పోటీకి, నేనూ మా నాన్నా వెళ్ళాం. వీలుంటే మీరూ తప్పకుండా వెళ్ళండి. టీవీలో టైము కనిపిస్తుంది, ఆటగాడు కనిపిస్తాడు, వాలు మాత్రం కనిపించదు. ఈ ఆటంతా ఆ వాలులోనే ఉంది.

ముందు మా నాన్న గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ రేసుని నేను ఆయన కళ్ళతోనే చూశాను. నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఎస్.కోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్ళే ఘాటీలో ఏళ్ళ తరబడి బస్సు నడిపారు. నేను ఇక్కడ ఒక కంపెనీలో బ్రేకుల టెస్టింగులో పనిచేస్తాను. వేగం, వాలు, పట్టు... మా ఇంట్లో అన్నం దగ్గర మాటలు కూడా ఇవే. డిసెంబరులో నాన్న మూడు నెలల వీసా మీద వచ్చారు. జనవరి వచ్చేసరికి ఇంట్లో కూర్చోలేక ఇబ్బంది పడుతున్నారు. ఆయనకి ఏం చూపించాలా అని ఆలోచిస్తే నాకు మొదట తట్టింది ఈ కొండే.

ఆ కొండ నాకు అంతకుముందే తెలుసు. 2024 జూలైలో కేబుల్ కారులో పైకెళ్ళి, ఆ దారి వెంట పచ్చిక మీద కాలినడకన దిగాను. వేసవిలో అక్కడ ఆవులు మేస్తుంటాయి, మెడలో గంటలు మోగుతుంటాయి. కొండ పేరు హానెన్‌కామ్, అంటే కోడిపుంజు జుట్టు. రేసు దిగే దారి పేరు ష్ట్రైఫ్. కేబుల్ కారు డబ్బాల మీద ఇక్కడ గెలిచినవాళ్ళ పేర్లు రాసుంటాయి, మీకు ఎవరి డబ్బా వస్తే వాళ్ళ పేరుతో పైకెళ్తారన్నమాట. పైన స్టార్టు గుడిసె దాటిన కాసేపటికే మౌజెఫాలె అనే చోటొస్తుంది. ఆ మాటకి ఎలుకల బోను అని అర్థం. అక్కడ నేను కూర్చుని, చేతులు నేలకానించి, గడ్డి పట్టుకుని దిగాను. వాలు 85 శాతం. మన ఘాట్ రోడ్డు మీద వంద అడుగులు ముందుకెళ్తే ఏడెనిమిది అడుగులు దిగితేనే బాగా ఏటవాలు అంటాం. ఇక్కడ అదే వంద అడుగులకి ఎనభై అయిదు అడుగులు దిగుతుంది. గుడిసెలోంచి బయల్దేరినవాళ్ళు పది సెకన్లలోపే 100 కిలోమీటర్ల వేగం అందుకుని, ఆ బోనులోకి గాల్లో ఎగురుతూ వెళ్తారు. ఒక్కోసారి 80 మీటర్ల దాకా ఎగురుతారు. ఆ గడ్డి మీద కూర్చున్నప్పుడే అనుకున్నాను, దీన్ని మంచులో చూడాలని.

ఇక ప్రయాణం. మ్యూనిక్ నుంచి రోజెన్‌హైమ్, కుఫ్‌స్టైన్ మీదుగా వ్యోర్గెల్ చేరి, అక్కడ బండి మారాలి. కిట్జ్‌బ్యూల్‌లో పెద్ద స్టేషను కాకుండా హానెన్‌కామ్ అని ఇంకో చిన్న స్టాపుంది, అక్కడ దిగండి. రేసు ముగిసే మైదానం అక్కడికి అడుగుల దూరమే. పార్కింగు బాధ లేదు. రేసు పదకొండున్నరకి. తొమ్మిదింటికల్లా అక్కడుండేలా చూసుకోండి. నిలబడి చూసే టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొన్నాం. ధర ఇక్కడి పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఒక మంచి సీటుకి పెట్టేంత. కుర్చీల స్టాండులో కూర్చుంటే ముగింపు గీత బాగా కనిపిస్తుంది గానీ వాలు పక్కనుంచి కనిపించదు. అందుకే నిలబడే టికెట్టే మంచిదని నా అభిప్రాయం.

స్టాపులో దిగగానే నాన్న తల పైకెత్తి చూసి ఆగిపోయారు. "ఏటమ్మా ఇది, గోడకి సున్నం కొట్టినట్టుంది!" అన్నారు. అంతకన్నా సరిగ్గా నేను చెప్పలేను. నల్లటి ఫిర్ చెట్ల అడవి మధ్యలో నిటారుగా ఒక తెల్లటి పట్టీ. మంచు అనగానే మనకి మెత్తగా, దూదిలా అనిపిస్తుంది కదా, ఇది అలాంటి మంచు కాదు. రేసుకి ముందు దాంట్లోకి నీళ్ళెక్కించి గడ్డ కట్టిస్తారు. మొదట దిగినవాడికీ నలభయ్యోవాడికీ దారి ఒకేలా ఉండాలని. లేకపోతే ముందువాళ్ళు దిగేసరికే గాళ్ళు పడి, తర్వాతవాళ్ళకి అన్యాయం జరుగుతుంది. నాన్నకి ఈ సంగతి చెప్తే చాలా నచ్చింది. "మరే. రోడ్డు అందరికీ ఒకటే ఉండాల" అన్నారు.

మైదానంలో ఆగకుండా పక్కదారి పట్టుకుని పైకి నడిచాం. నాన్నకి మోకాళ్ళ నొప్పి, అందుకని ఆగుతూ ఆగుతూ వెళ్ళేసరికి ముప్పావుగంట పట్టింది. దారి ఆఖర్లో హౌస్‌బెర్గ్ అనే అంచు ఒకటుంది, అది కనిపించేచోట రక్షణ వల పక్కన జాగా దొరికింది. మీరు వెళ్తే ఆ పని చేయండి. దారి పొడవునా అన్నిటికన్నా చూడాల్సిన భాగం అదే. పైనుంచి మనిషి అంచు మీద కనిపిస్తాడు, ఎగురుతాడు, దిగీదిగగానే ఎడమకి తిరగాలి. ఆ తిప్పులో ఒళ్ళంతా నేలకి అణిగిపోతుంది. ఆ తర్వాత వాలుకి అడ్డంగా పోయే భాగం ఒకటుంది, మొత్తం గతుకులే. దారి పక్కకి వంగి ఉంటుంది కాబట్టి కొండ మనిషిని కిందకి లాగుతూనే ఉంటుంది. అతను మాత్రం ఎత్తు పోగొట్టుకోకుండా పట్టుకోవాలి. అక్కడ కిందకి జారిపోయినవాడికి ఆఖరి వాలులో వేగం అందదు. ఆ ఆఖరి వాలులో వేగం గంటకు 140 కిలోమీటర్లు దాటుతుంది.

మొదటి మనిషి వచ్చినప్పుడు నాకు ముందు చెవులకి తెలిసింది. గీరుకుపోతున్న చప్పుడు. రేకు ముక్కని సిమెంటు గచ్చు మీద ఎవరో బలంగా ఈడుస్తున్నట్టు. ఆ వెనకే గుడ్డ గాలికి కొట్టుకునే పటపట. టీవీలో వ్యాఖ్యాత గొంతు కింద ఈ చప్పుడు మునిగిపోతుంది. మాకు పదిహేను గజాల దూరంలోంచి మనిషి పోయాడు. నిజంగా "పోయాడు" అనే మాటే సరిపోతుంది, ఎందుకంటే తల తిప్పేసరికి అక్కడ లేడు. నాన్న నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఒక నిమిషం ఏమీ అనలేదు. తర్వాత "ఈడికి బ్రేకేదమ్మా?" అని అడిగారు.

బ్రేకు లేదు. స్కీ అంచుకి సన్నటి ఉక్కు కమ్మీ ఉంటుంది, అదొక్కటే ఆధారం. స్కీలని అడ్డంగా తిప్పి, ఆ అంచుని గడ్డకట్టిన మంచులోకి దించితే వేగం తగ్గుతుంది. కానీ తగ్గిన ప్రతి రవ్వా టైములో పోతుంది. అందుకే వీలైనంతవరకూ మోకాళ్ళు ముడిచి, చేతులు ముందుకు చాపి, గుడ్డు ఆకారంలో గాలికి అందకుండా పోతుంటారు. మగవాళ్ళ డౌన్‌హిల్ స్కీ 218 సెంటీమీటర్లకి తక్కువ ఉండకూడదు, అంటే మనిషికన్నా పొడుగు. నేరుగా పోయేటప్పుడు నిలకడగా ఉంటుంది, తిప్పాలంటే మాత్రం బలమంతా పెట్టాలి. ఇదంతా నాన్నకి చెప్తుంటే, ఘాటీలో వాళ్ళకి నేర్పిన మొదటి పాఠం నాకు చెప్పారు. "ఏ గేర్లో ఎక్కితే ఆ గేర్లోనే దిగాల. బ్రేకు మీద కాలేసుకుని దిగినోడు కిందకి రాడు."

ఇక్కడ ఒక లెక్క చెప్తాను. ష్ట్రైఫ్ మొదలయ్యేది 1,665 మీటర్ల ఎత్తులో, ముగిసేది 805 దగ్గర. దిగేది 860 మీటర్లు. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్లు. అంటే మా నాన్న అరకు నుంచి బస్సు దించే ఎత్తూ వీళ్ళు దిగే ఎత్తూ ఇంచుమించు ఒకటే. నాన్నకి ఆ ఘాటీ దిగడానికి గంటన్నర పైనే పట్టేది, వెనక యాభైమంది ప్రాణాలు. ఇక్కడ 3,312 మీటర్ల దారిని రెండు నిమిషాల లోపే దిగేస్తారు. 1997లో ఫ్రిట్జ్ ష్ట్రోబుల్ దిగిన 1 నిమిషం 51.58 సెకన్లే ఇప్పటికీ రికార్డు. ఈ లెక్క చెప్పాక నాన్న కొండ వైపు చూసే చూపు మారింది. అప్పటిదాకా సర్కస్ చూస్తున్నట్టు చూశారు. ఆ తర్వాత తోటి డ్రైవర్లని చూస్తున్నట్టు చూశారు.

నాలుగో మనిషో అయిదో మనిషో దిగేసరికి ఆయనకి ఏదో అంతు చిక్కింది. అంచు మీద మనిషి కనిపించగానే "ఈడు బాగెల్తాడు" అనో, "ఈడు ఆలీసం" అనో అనడం మొదలెట్టారు. పక్కనున్న తెరమీద టైము వచ్చేది. నూటికి తొంభై పాళ్ళు ఆయన మాటే నిజమైంది. ఎలా తెలుస్తోందని అడిగితే, "టర్నింగులో ఏటీ లేదమ్మా. టర్నింగుకి ముందే పనైపోవాల. ఎగరకముందే ఎడం పక్కకి ఒళ్ళు తిప్పీసినోడు ఆగడు, చూడు" అన్నారు. అప్పట్నించి నేనూ అదే చూశాను. నిజమే. మంచి ఆటగాడు గాల్లోకి లేవకముందే భుజం రాబోయే మలుపు వైపు పెట్టేస్తాడు. మిగిలినవాళ్ళు నేల మీదకి దిగాక తిప్పుకుంటారు, ఆ రెప్పపాటులో అయిదారు గజాలు కిందకి జారిపోతారు. ఇన్నేళ్ళు టీవీలో ఈ రేసు చూసిన నాకు ఇది తెలీదు. తెర మీద కెమెరా మనిషి ముఖానికి దగ్గరగా ఉంటుంది, మలుపు ఎక్కడుందో తెలియనివ్వదు.

ఆ రోజు గెలిచింది కెనడా కుర్రాడు జేమ్స్ క్రాఫోర్డ్, 1 నిమిషం 53.64 సెకన్లు. సగటు వేగం లెక్కేస్తే గంటకు 105 కిలోమీటర్లు వస్తుంది. స్విట్జర్లాండ్ ఆటగాడు అలెక్సీ మొనే 0.08 సెకను తేడాతో రెండోస్థానంలో ఉన్నాడు. ఆ వేగంలో అది రెండు మూడు మీటర్లు, బస్సు పొడవులో పావు వంతు. మూడోస్థానం మళ్ళీ కెనడావాడికే, కామెరాన్ అలెగ్జాండర్‌కి. క్రాఫోర్డ్ 2023లో సూపర్-జీలో (డౌన్‌హిల్‌కన్నా మలుపులు ఎక్కువుండే రేసు) ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు గానీ, వరల్డ్ కప్‌లో, అంటే చలికాలమంతా ఊరూరా జరిగే ఇలాంటి రేసుల వరసలో, అప్పటిదాకా ఒక్కటీ గెలవలేదు. మొదటి గెలుపు ఈ కొండ మీద! ఇక్కడ డౌన్‌హిల్‌లో కెనడావాడు గెలవడం 1983లో టాడ్ బ్రూకర్ తర్వాత మళ్ళీ ఆ రోజే. అతని టైము పచ్చరంగులో వెలిగినప్పుడు కొండ మీదున్న జనం అరిచిన అరుపు నాకింకా చెవిలో ఉంది. తమవాడు కాకపోయినా అరిచారు. మా పక్కన ఎర్రటి టోపీలు పెట్టుకున్న స్విస్ ముసలి దంపతులున్నారు. వాళ్ళ చేతుల్లో ఆవు మెడకి కట్టే పెద్ద గంటలు. తమ దేశంవాడు ఓడినా ఆపకుండా మోగించారు. పెద్దాయన ఒక గంట నాన్న చేతికిచ్చారు. "మనూరి ఆవుగంటే ఇది" అంటూ నాన్న చాలాసేపు మోగించారు. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు.

ఇంత మెచ్చుకున్నాక ఒక బరువైన మాట కూడా చెప్పాలి. ఈ కొండ మనుషుల్ని విరిచేసింది. 2009లో స్విస్ ఆటగాడు డానియెల్ ఆల్బ్రెక్ట్ ప్రాక్టీసులో ఆఖరి ఎగురు దగ్గర పడి మూడు వారాలు కోమాలో ఉన్నాడు. 2011లో హాన్స్ గ్రూగర్ ఎలుకల బోను దగ్గర పడి తలకి పెద్ద దెబ్బ తగిలించుకున్నాడు. ఇప్పుడు దారికి రెండువైపులా వలలు వరసలు వరసలుగా ఉన్నాయి. 2024-25 సీజను నుంచి వేగపు రేసుల్లో దుస్తుల కింద ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేశారు. అయినా ప్రతి మనిషి అంచు మీద కనిపించినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను. పడితే చూడాలని వచ్చేవాళ్ళు కూడా ఉంటారు, అలాంటివాళ్ళ పక్కన నిలబడకండి. నాన్నయితే ఒక్కొక్కడూ గీత దాటి లేచి నిలబడేదాకా మనసులో దండం పెట్టుకున్నారు. "ఆడికీ అమ్మ ఉంటది కదా" అన్నారు.

తిండి సంగతి. శనివారం మా ఇంట్లో నీచు ముట్టం. అక్కడి దుకాణాల్లో ఎక్కువగా సాసేజీలే. ఏం తినాలా అనుకుంటుంటే గెర్మ్‌క్న్యోడెల్ దొరికింది. ఆవిరి మీద ఉడికించిన పెద్ద ఉండ, లోపల ఆల్‌బుఖారా పళ్ళ జామ్, పైన గసగసాలూ పంచదారా, దాని మీద కరిగించిన వెన్న. నాన్న మొదటి ముక్క తిని, "పూర్ణం కుడుమమ్మా ఇది" అని తేల్చారు. వేడివేడిగా, ఆ చలిలో ప్రాణం లేచొచ్చింది. ఒక్కటి ఇద్దరికి సరిపోతుంది. ఇంటినుంచి ఫ్లాస్కులో అల్లం టీ పట్టుకెళ్ళాం, అది లేకపోతే నాన్నకి కష్టమయ్యేది.

బాధపడిన విషయం ఒకటే. నాన్న కోసం మ్యూనిక్‌లో ఒక దుకాణంలో మంచు బూట్లు అద్దెకి తీసుకున్నాను. నీళ్ళు అసలు దిగవని నొక్కి చెప్పారు. పదకొండు కాకముందే ఎడమకాలి మేజోడు తడిసిపోయింది. అరవై ఏడేళ్ళ మనిషి తడిసిన కాలుతో మంచులో నిలబడ్డారు, నాకు చెప్పకుండా. రేసయ్యాక బూటు విప్పితే తెలిసింది, పాదం పాలిపోయి చల్లగా ఉంది. నా మఫ్లరు చుట్టి, రెండు చేతులతో రుద్దుతూ కూర్చున్నాను. తిరిగిచ్చేటప్పుడు అడిగితే దుకాణంవాళ్ళు "మీరే సరిగ్గా కట్టుకోలేదేమో" అన్నారు. పెద్దవాళ్ళని తీసుకెళ్తే బూట్లు అద్దెకి తీసుకోకండి, కొనండి. ముందురోజు రాత్రి బకెట్ నీళ్ళలో అరగంట నిలబెట్టి చూడండి. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు అదనంగా సంచిలో వేసుకోండి.

ఇంకొకటి. ముప్పైమంది దిగేసరికి జనంలో సగం మంది కొండ దిగి ఊళ్ళోకి వెళ్ళిపోతారు, పోటీ తేలిపోయింది కదా అని. కానీ యాభైమందికి పైగా ఉంటారు. నేనూ వెళ్దామనే అన్నాను, రైల్లో తొక్కిడి తగ్గుతుందని. నాన్న కదల్లేదు. "ఆఖరి బస్సు డిపోకి రాకుండా ఎల్లిపోతామేటి" అన్నారు. ఉన్నాం. ఆఖర్లో వచ్చినవాళ్ళకి గంటలు లేవు, అరుపులు లేవు, కొండ మీద నీడ కమ్మేసింది. నీడలో మంచు మీది గతుకులు కనబడవు, వాళ్ళకి అది ఇంకా కష్టం. ఆ కుర్రాళ్ళూ అదే అంచు మీంచి అలాగే ఎగిరారు. వాళ్ళు దిగుతుంటే ఆ గీరుడు చప్పుడు ఇంకా స్పష్టంగా వినిపించింది, చుట్టూ సందడి లేదు కాబట్టి. ఆ రోజంతట్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ ఇరవై నిమిషాలే. మీరూ ఆగండి.

తిరుగు రైలు దగ్గర గంటకి పైగా వరసలో నిలబడ్డాం. తాగి పాటలు పాడేవాళ్ళు చాలామంది, అయినా ఎవరూ మీద పడలేదు. నాన్నని చూసి ఒకబ్బాయి లేచి సీటిచ్చాడు. కుఫ్‌స్టైన్ దాటాక నాన్న ఫోను తీసి, తనతో చాన్నాళ్ళు డ్యూటీ చేసిన కండక్టరుకి చేశారు. మన దగ్గర అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర అయ్యుంటుంది. "ఒరే, పడుకున్నావేటి? లే. మన అరకు దిగుడంత కొండ. రెండు నిమిషాల్లోపు దిగీసేడురా. బ్రేకు లేదు. ఒట్టు, నా కళ్ళతో చూసేను" అని మొదలెట్టి, హౌస్‌బెర్గ్ మలుపు దగ్గర ఎవరెవరు ముందే ఒళ్ళు తిప్పారో, ఎవరు తిప్పలేదో, రోజెన్‌హైమ్ వచ్చేదాకా వరసపెట్టి చెప్తూనే ఉన్నారు.